పొగగొట్టం లేని పొయ్యి

పోయినవారం కథ ఆగేసరికి నేను బాల్కనీలో తడి దుప్పటి పట్టుకుని నిలబడి ఉన్నాను. మీరంతా హాయిగా మీ పనులు చూసుకుని వచ్చారు గానీ నేను మాత్రం అక్కడే ఉన్నాను. దుప్పట్లోంచి నీళ్ళు కారి పాదాలమీద పడుతున్నాయి. తలుపుకి అవతల మా ఆయన వాళ్ళన్నయ్యతో ఫోన్లో మాట్లాడుతున్నారు. గొంతు తగ్గించే మాట్లాడారు, పాపం. కానీ మా బాల్కనీ తలుపు ఏనాడూ సరిగ్గా మూసుకుని చావదు.

"కాదన్నయ్యా, ఆయన మనకి స్పష్టంగానే చెప్పాడు కదా. ఇంచుమించు మొత్తం మనకే అని."

ఇదీ నేను విన్న ముక్క. ఇంతమాత్రానికే కొయ్యబారిపోవాలా అని కొత్తగా చదివేవాళ్ళకి అనిపించొచ్చు. వాళ్ళకోసం కాస్త వెనక్కి వెళ్ళి వస్తాను, పాతవాళ్ళు విసుక్కోకండి.

మా వీధిలో రెండు గాజుసీసాల ఫ్యాక్టరీలు ఎదురెదురుగా, గేటుకి గేటు ఉన్నాయి. ఇటువైపుది మా అన్నయ్యది. అటువైపుది మా ఆయన సొంత అన్నగారిది. నాకు వరసకి బావగారే గానీ, వీధంతా ఆయన్ని పెద్దాయన అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. మా ఆయన అక్కడ పొయ్యి ఇంజినీరు. నేను ఇక్కడ ప్లానింగు. అంటే రాబోయే ఏళ్ళలో లోకానికి ఎన్ని సీసాలు కావాలో ఇవాళే చెప్పడం నా ఉద్యోగం. జోస్యం చెప్పేవాడికైతే మాట తప్పితే ఇంకో ఊరు పోయే వీలుంటుంది. నాకు ఆ వసతి కూడా లేదు. మా పెళ్ళినాటికి రెండు ఫ్యాక్టరీలకీ చేతినిండా పని, యజమానులిద్దరూ ఒకే సోఫాలో కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఆ సోఫా ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఇద్దర్లో ఒక్కరూ వచ్చి దానిమీద కూర్చోరు.

వాళ్ళిద్దర్నీ విడదీసింది పచ్చ సీసా. కొనేవాళ్ళందరికీ ఉన్నట్టుండి పచ్చ సీసా కావాల్సొచ్చింది. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా పొయ్యి మేస్త్రి, "రంగుపొడి ఎంత కలపమంటారమ్మా?" అని అడిగాడు. రంగు కాదు మేస్త్రీ, గ్యాసు కాల్చి పొగ వదలకుండా కరెంటుతో కరిగించిన గాజుతో చేసే సీసా అని చెబితే, "అయితే చూట్టానికి మామూలుగానే ఉంటుందా?" అని నీరుగారిపోయాడు. చూట్టానికి మామూలుగానే ఉంటుంది, ధర మాత్రం మామూలుగా ఉండదు. అందుకే ఎన్ని అమ్ముడుపోతాయో చెప్పగలిగిన మొనగాడు ఎవడూ లేడు. కావాలి, కావాలి అంటారు అందరూ. సంతకం దగ్గరికొచ్చేసరికి అందరి కలాల్లోనూ సిరా అయిపోతుంది.

సరే, కొన్ని చేసి చూద్దాం, పోకపోతే మానేద్దాం అనడానికి గాజు పొయ్యి వంటింటి పొయ్యి కాదు. ఒకసారి వెలిగించామంటే ఇక ఏళ్ళతరబడి అది ఆరకూడదు. ఆరితే లోపలి గాజు గడ్డకట్టుకుపోతుంది, వేడికి పెరిగిన ఇటుకలు చల్లారి పగులుతాయి. కరెంటు పొయ్యికి ఇంకో తిరకాసు ఉంది. చల్లటి గాజులోంచి కరెంటు పారదు. ముందు గాజు పెంకులు కుప్పపోసి, గ్యాసు మంటపెట్టి రోజుల తరబడి మెల్లగా కరిగించాలి. కరిగాక కడ్డీలు దింపి కరెంటు ఇవ్వాలి. అందుకని 'అంటించడం' అనే ఆ మొదటి మంటే అసలు నిర్ణయం. దాని తరవాత ఇష్టం లేదని లేచి వెళ్ళిపోవడం కుదరదు, నా పెళ్ళిలాగే అని మా ఆయన్ని ఏడిపిస్తుంటాను.

రెండు ఫ్యాక్టరీలూ పోటీపడి కరెంటు పొయ్యిలు కట్టేశాయి. రెండూ ఇంకా చల్లగానే ఉన్నాయి. మందుల కంపెనీ ఒక్కటే పెద్ద గిరాకీ. అక్కడ కొనుగోళ్ళు చూసే పెద్దమనిషికి మేం పెట్టుకున్న పేరు ఇంచుమించుగారు. "భోంచేశారా అండీ?" అంటే "ఇంచుమించు అయిందమ్మా" అంటాడు. వానాకాలంలో మా మీటింగు గదిలో కూర్చుని టీ కప్పు రెండు చేతులా పట్టుకుని, "వచ్చే ఏడాదినుంచి మా సిరప్పులన్నీ పచ్చ సీసాల్లోనే. ఇంచుమించు మొత్తం మీకే" అన్నాడు. ఆ మొత్తాన్ని నమ్మే నేను లెక్క కట్టాను. ఆ లెక్కను నమ్మే అన్నయ్య పెద్ద పొయ్యి కట్టించాడు.

ఇప్పుడర్థమైందా ఎందుకు కొయ్యబారిపోయానో? మొత్తం అనేది రెండు చోట్ల ఉండదు. బడికెళ్ళే ఏ పిల్లని అడిగినా చెబుతుంది. ఒకే ఆర్డరుని వీధికి ఇటు మేమూ అటు వాళ్ళూ లెక్కేసుకుని రెండు పొయ్యిలు కట్టుకున్నాం.

నిన్న సాయంత్రం ఫోను పెట్టేసి మా ఆయన చెప్పులేసుకున్నారు. "ఫ్యాక్టరీలో ఉంటాను, రాత్రికి రాను" అన్నారు. ఏం పని అని నేను అడగలేదు. మా ఇంట్లో అడక్కూడదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఎవరి ఫ్యాక్టరీ సీసా మందమో అని మొదలెట్టి, మూడురోజులు మాటల్లేకుండా గడిపాం. నాలుగో రోజు ఆయన సుత్తి తెచ్చి గుమ్మం బయట మేకు కొట్టారు. "ఐడీ కార్డు దీనికి తగిలించి లోపలికి రావాలి. నువ్వైనా, నేనైనా" అన్నారు. అప్పట్నుంచీ ఇటు కార్డూ అటు కార్డూ ఒకే మేకుకి వేలాడుతుంటాయి. మేమిద్దరం లోపల వానల గురించీ, పక్కింటివాళ్ళ టీవీ మోత గురించీ మాట్లాడుకుంటాం. మా కాపురం నిలబడింది ఆ మేకు మీదే అంటే అతిశయోక్తి కాదు.

రాత్రంతా నిద్ర లేదు. అన్నయ్యకి చెప్పాలి. చెబితే ఎలా తెలిసిందే అంటాడు. ఎవరు చెప్పారని చెప్పను? తమ్ముడి నోట్లోంచి మాట జారిందని పెద్దాయనకి తెలిస్తే మా ఆయన్ని గేటు బయట నిలబెడతాడు. పొయ్యి ముందు తప్ప ఇంకెక్కడా బతకడం చేతకాని మనిషాయన. చెప్పకపోతేనో, ఇవాళ మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగగానే మా పొయ్యి అంటిస్తారు.

తెల్లారేసరికి తేల్చుకున్నాను. మాట చెబుతాను, మనిషిని చెప్పను.

అన్నయ్య గది పొయ్యి షెడ్డుకి పైన ఉంటుంది. ఒకవైపు గోడంతా అద్దమే, లోపలినుంచి చూస్తే కింద జరిగేదంతా కనబడుతుంది. ఇంకోవైపు చిన్న కిటికీ, దాన్లోంచి చూస్తే ఎదుటి ఫ్యాక్టరీ గేటు. నేను వెళ్ళేసరికి మేస్త్రి కింద మంటగొట్టాలు ఒక్కోటీ సరిచూస్తున్నాడు. అన్నయ్య కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. బల్లమీద పాత గ్యాసు పొయ్యి ఇటుక ఒకటి ఉంది, దాన్ని పడగొట్టిన రోజున తెచ్చి పెట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఆ మంట ఆపించు."

"ముందు తలుపెయ్యి" అన్నాడు.

వేశాను. కూర్చోమన్నాడు, కూర్చోలేదు.

"ఆర్డరు ఒక్కటే. మనకి చెప్పిన మొత్తమే వాళ్ళకీ చెప్పాడు ఇంచుమించుగారు. ఇద్దరూ వెలిగిస్తే ఇద్దరూ మునుగుతారు. నాకెలా తెలిసిందని మాత్రం అడక్కు."

అన్నయ్య అడగలేదు. కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూశాడు. "తెలుసులే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆరోజు ఇక్కడ టీ తాగి, మూతి తుడుచుకోకుండానే అటు గేట్లోకి వెళ్ళాడు ఆ పెద్దమనిషి. ఈ కిటికీలోంచే చూశాను."

నాకు ఒళ్ళు మండింది. "తెలిసి ఇంత పెద్దది కట్టించావా? తెలిసి పాతదాన్ని పడగొట్టించావా? ఒక్క ఏడాది ఉంచరా నాయనా అని నెత్తీ నోరూ బాదుకున్నానే!"

"లెక్కలు బాగా వేస్తావే నువ్వు. ఆ లెక్కలో మనుషులుండరు, అదే నీతో వచ్చిన చిక్కు." ఇటుకని ఇటునుంచి అటు జరిపాడు. "పాత పొయ్యి ఉంచాననుకో. పెద్దాయన ఏమనుకుంటాడు? వీడు ఉత్తుత్తి బెదిరింపులు బెదిరిస్తున్నాడు, ఆఖర్న జారుకుంటాడు అనుకుని ఆయన వెలిగించేస్తాడు. పడగొట్టాననుకో, వీడికి వెనక్కి దారి లేదు, వెలిగించి తీరతాడు అనుకుంటాడు. అప్పుడు ఆయనే ఆగుతాడు. ఆయన పాత పొయ్యి ఇంకో ఏడాది లాగుతుంది కాబట్టి ఆగినా బతుకుతాడు. ఆర్డరు ఒక్కటే కదా, ఒక్కరికే సరిపోతుంది. ఆ ఒక్కరూ ఎవరనేదే గొడవ."

"నువ్వు ఇవాళ వెలిగిస్తున్నావని ఆయనకి తెలిస్తే కదా ఆగడానికి?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకు వినబడింది.

పూర్వం రెండు ఫ్యాక్టరీలూ ఒకదాని గుట్టు ఒకటి పొగగొట్టం చూసి కనిపెట్టేవి. దట్టంగా వస్తే పని జోరుగా ఉందని, పల్చబడితే గిరాకీ తగ్గిందని. అన్నయ్య పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఈ కిటికీ దగ్గర నిలబడేది అందుకే. కరెంటు పొయ్యికి పొగగొట్టం ఉండదు. షెడ్డు మూసేస్తే లోపల మంట ఉందో లేదో వీధిలో పోయేవాడికి తెలియదు. ఎవరో ఒకరు మోసుకెళ్ళి చెబితే తప్ప అటువాళ్ళకి తెలిసే దారి లేదు.

"మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తావు కదా" అన్నాడు అన్నయ్య, చాలా మామూలుగా.

ఇందాక వద్దన్న కుర్చీలోనే కూలబడ్డాను.

"నన్ను ఈ ఉద్యోగంలో పెట్టుకుంది నా లెక్కలు చూసి కాదా?"

"లెక్కలు కూడా చూశాను."

ఆ 'కూడా' ఉంది చూశారూ, అది నేను చచ్చేదాకా మర్చిపోను. చదువుకున్న రోజుల్లో ఫీజు కట్టిన అన్నయ్య, నాకు జ్వరమొస్తే మంచం పక్కనే చాప వేసుకున్న అన్నయ్య. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి రాలితే ఓడిపోయినట్టని పళ్ళు బిగపట్టాను.

"నేను నీకు చెల్లెల్నా, పొగగొట్టాన్నా?" అన్నాను.

అన్నయ్య తల దించుకున్నాడు. "అలా కాదే. ఒకటి నాకూ తెలీదు. ఒకవేళ వాళ్ళు ఈపాటికే వెలిగించి ఉంటే? నిన్న సాయంత్రం మీ ఆయన గేట్లోకి వెళ్ళినవాడు ఇంకా బయటికి రాలేదు. వాళ్ళు వెలిగించేసి ఉంటే నేను ఆగాలి. ఇద్దరం మునిగేకంటే ఒక్కడు మునగడం నయం."

"ఆగితే?"

"ఆగితే ఈ షెడ్డులో ఏం చేస్తానో నాకే తెలీదు. పాతది లేదు, కొత్తది చల్లారి కూర్చుంటుంది. కింద వాళ్ళని చూడు."

చూశాను. మేస్త్రి చుట్టూ మనవాళ్ళంతా చేరి ఉన్నారు. పాత పొయ్యి కూలినప్పట్నుంచీ వాళ్ళకి నేల ఊడవడం తప్ప పని లేదు. ఇవాళ అందరూ ఉతికిన చొక్కాలేసుకుని వచ్చారు.

"అందుకని నువ్వే చూసి చెప్పాలి. సైరన్ లోపల ఫోన్ చెయ్యి. వెలిగించారా, లేదా. ఒక్క ముక్క."

"చెప్పను."

"చెప్పకపోతే వెలిగించలేదనే అనుకుంటాను."

"ఇంటికే వెళ్ళను. ఇక్కడే కూర్చుంటాను."

"వెళ్ళకపోతే మీ ఆయన కంగారుపడి నీకోసం మన గేటు దగ్గరికొస్తాడు. అప్పుడాయన మొహం నేనే చూస్తాను."

ఏ పక్కకి తిరిగినా దారి మూసి పెట్టుకున్నాడు. నాకు అన్నయ్యమీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ మనిషి నన్ను బంధించిన చోటే తనూ ఉన్నాడని తెలుస్తూనే ఉంది. గట్టిగా తిడదామన్నా నోరు రాలేదు.

భోజనం వేళకి మెట్లు దిగుతుంటే మేస్త్రి ఎదురొచ్చాడు. "అమ్మా, సైరన్ కాగానే అంటించేస్తాం కదా? అయ్యగార్ని అడిగితే ఊ అనడంలేదు, ఉహూ అనడంలేదు."

"మరి ఏం చేస్తావు?"

"ఏముందమ్మా, ఆయన మాట్లాడకపోతే సరే అన్నట్టు. ఇన్నేళ్ళుగా అంతే కదా" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

మా ఇల్లు ఆ వీధి చివర. గేటు దాటి నాలుగడుగులు వేస్తే ఇటు వాచ్‌మనూ, అటు వాచ్‌మనూ ఇద్దరూ కనబడతారు. రోజూ ఇద్దరికీ తలూపి వెళ్ళేదాన్ని. ఇవాళ ఇద్దరూ నా మొహంలోకి చూసినట్టనిపించింది. ఎండ ఎక్కడా నీడ లేకుండా కాస్తోంది. ఎదుటి ఫ్యాక్టరీ కొత్త షెడ్డు తలుపులు మూసి ఉన్నాయి. రేకుల మీదుగా గాలి వణుకుతోందా అని కళ్ళు చికిలించి చూశాను. ఈ ఎండకి అన్ని రేకుల మీదా వణుకుతోంది. ఇలా నిలబడి చూడ్డం కూడా అన్నయ్య కిటికీలోంచి కనబడుతుందని గుర్తొచ్చి గబగబా నడిచాను.

దారిలో ఒట్టు పెట్టుకున్నాను. ఇంట్లోకి వెళ్తాను. అన్నం వడ్డిస్తాను. వానల గురించి మాట్లాడతాను. ఇక్కడి మాట అక్కడ చెప్పను, అక్కడి మాట ఇక్కడ చెప్పను. వాళ్ళ పొయ్యిల ఏడుపు వాళ్ళే ఏడుస్తారు.

మా అంతస్తు చేరి మెడలోంచి కార్డు తీసి మేకుకి తగిలించబోయాను. మేకు ఖాళీగా ఉంది. సరే, ఆయన ఇంకా రాలేదు, నా పుణ్యం అనుకున్నాను. ఈలోగా లోపల్నుంచి తలుపు తెరుచుకుంది.

ఆయనే. కార్డు మెడలోనే ఉంది.

మేకు కొట్టిన రోజునుంచీ ఆ కార్డు మా గుమ్మం దాటి లోపలికి రావడం అదే మొదటిసారి. దాన్ని చూశాక మొహం చూశాను. నుదురు, ముక్కు, బుగ్గలు, అంతా ఎర్రగా కమిలిపోయి ఉంది.

ఆ ఎరుపు నాకు తెలుసు. కొత్త పొయ్యికి మంట పెట్టాక మొదటి గంటలన్నీ ఇంజినీరు దాని నోటి దగ్గరే ఉండాలి. ఇటుకలు ఎలా పెరుగుతున్నాయో, పెంకులు ఎక్కడ మెత్తబడుతున్నాయో లోపలికి తొంగిచూస్తూ ఉండాలి. మా పెళ్ళికి కూడా మహానుభావుడు అలాంటి మొహంతోనే వచ్చారు. పెళ్ళి ఫొటోల్లో నేను ముస్తాబై ఉంటాను, పక్కన ఈయన ఎర్రటి మొహంతో, నీలం కళ్ళద్దాలు పెట్టుకున్న మేర రెండు కళ్ళ చుట్టూ తెల్లటి సున్నాలతో ఉంటారు. మా వాళ్ళంతా గుడ్లగూబ అల్లుడని ఏడాదిపాటు నవ్వుకున్నారు.

"కూర్చో" అన్నారు.

"కార్డు మెడలోనే ఉంది" అన్నాను.

"తెలుసు." గొంతు సవరించుకున్నారు. బడిలో అప్పజెప్పే పిల్లాడిలా గోడకేసి చూస్తూ అన్నారు. "నిన్న సాయంత్రమే వెలిగించాం. మీ అన్నయ్యకి చెప్పు."

మా ఒప్పందం అలా ఒక్క వాక్యంలో పోయింది. ఇన్నేళ్ళూ మేం కాపాడుకున్నది ఇంత చిన్నదా అని ఏడుపొచ్చింది. అంటే పెద్దాయన కూడా అదే ఆలోచించాడన్నమాట. ఇటు అన్నయ్య నన్ను పంపాడు, అటు ఆయన తమ్ముణ్ణి పంపాడు. రెండు ఫ్యాక్టరీలూ పొగగొట్టాలు పీకేసి, మా ఇద్దర్నీ నిలబెట్టుకున్నాయి.

"పెద్దాయన చెప్పమన్నారా?"

ఆయన మెడలోని కార్డు తాడు సరిచేసుకున్నారు.

"మీరైనా కుదరదనొచ్చు కదండీ?"

"నువ్వు అన్నావా?" అన్నారు మెల్లగా.

ఫోన్ మోగింది. అన్నయ్య. నేను చెయ్యకపోయేసరికి తనే చేశాడు.

"ఏమైందే? చూశావా?"

చూశాను అందామని నోరు తెరిచాను. వెలిగించారన్నయ్యా, ఆపించు, అంతా అయిపోయింది. మాట నాలిక చివరికొచ్చింది. అప్పుడు మా ఆయన సోఫా దగ్గర్నుంచి లేచి కిటికీ వైపు తిరిగారు. ఎండ సూటిగా మొహంమీద పడుతోంది. కళ్ళు కూడా చికిలించకుండా నాకేసి చూస్తూ నిలబడ్డారు.

ఎరుపు కళ్ళ చుట్టూ కూడా ఉంది. రెప్పలమీద ఉంది. కనుబొమ్మల కింద ఉంది. తెల్ల సున్నాలు లేవు.

కళ్ళద్దాలు లేకుండా ఏ ఇంజినీరూ పొయ్యిలోకి తొంగిచూడడు, చూపు పోతుంది. ఈయన మంటలోకి చూడనేలేదు. పాత పొయ్యి పక్కగోడకి మొహం దగ్గరగా పెట్టి కమలబెట్టుకుని వచ్చారు. వాళ్ళు వెలిగించలేదు. తెల్ల సున్నాల సంగతి పెద్దాయనకి తట్టలేదు. లెక్కల గదిలోనే తల నెరిసిన మనిషికి ఎర్రబడితే చాలనిపించి ఉంటుంది. కానీ మా ఆయన మర్చిపోతారా? గుడ్లగూబ అల్లుడు మర్చిపోతాడా?

మర్చిపోలేదు. అన్నగారి మాట కాదనలేక నోటితో ఒకటి చెప్పారు. నాకు అబద్ధం చెప్పలేక మొహంతో ఇంకోటి చెప్పారు. కావాలనే కళ్ళద్దాల సున్నాలు లేకుండా వచ్చి, కావాలనే వెలుతుర్లో నిలబడ్డారు. నా జీవితంలో నన్ను ఎవరూ అంత నమ్మలేదు. ఆ నమ్మకాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మాట్లాడవేమే? సైరన్ టైమయింది" అన్నాడు అన్నయ్య.

వెలిగించలేదంటే, ఇక్కడ మంట లేస్తుంది. అక్కడ పెద్దాయన కొత్త పొయ్యి దిబ్బగా మిగులుతుంది. ఆయన ఎత్తు పారలేదంటే తమ్ముడి మొహమే పట్టిచ్చిందని ఆయనకి తెలిసిపోతుంది. వెలిగించారంటే, మా అన్నయ్య నా అబద్ధం నమ్మి ఆగిపోతాడు. ఉతికిన చొక్కాలేసుకుని వచ్చినవాళ్ళంతా ఇళ్ళకి వెళ్ళిపోతారు. నోరు మూసుకుంటే, వెలిగించలేదని చెప్పినట్టే. నాకు మిగిలింది ఒక్క మాటే. అది కూడా నాది కాదు.

"ఇంచుమించు" అన్నాను.

అటు అన్నయ్య అరిచాడు. "ఇంచుమించేంటి నీ మొహం! పొయ్యి ఇంచుమించు వెలుగుతుందా? వెలిగించారా, లేదా?"

అప్పుడే సైరన్ మోగింది. ఫోన్లోనూ మోగింది, కిటికీలోంచీ మోగింది. రెండు చెవుల్లో రెండు సైరన్లు. ఆ హోరు వెనక, అన్నయ్య ఫోన్లో, మేస్త్రి గొంతు వినబడింది. "అయ్యా, టైమైంది. అంటించమంటారా?"

అన్నయ్య మాట్లాడలేదు. నా జవాబుకోసం ఆగాడని నాకు తెలుసు. ఆయన మాట్లాడకపోతే సరే అన్నట్టేనని మేస్త్రికి తెలుసు. ఎవరూ ఏమీ తేల్చకుండానే ఆ మంట లేవకూడదనిపించింది.

"అన్నయ్యా, వద్దను! వద్దని చెప్పు మేస్త్రికి!" అని అరిచాను. సైరన్‌లో నా అరుపు నాకే వినబడలేదు.

మా ఆయన మెడలోంచి కార్డు తీసేశారు. గుమ్మం దాకా వెళ్ళి మేకుకి తగిలించి వచ్చారు. వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"బావగారూ, నేను. అటు ఇంజినీర్ని కాదు, మీ చెల్లెలి మొగుణ్ణి మాట్లాడుతున్నాను. మా పొయ్యి..."

ఫోన్లోంచి భుగ్గుమని చప్పుడొచ్చింది. దాని వెనకే, మా పనివాళ్ళంతా చప్పట్లు కొట్టడం వినబడింది.